పదకొండున్నర రైలు

ముప్పై ఏళ్లుగా మా ఆయన విమానం టికెట్లు, రైలు టికెట్లు అమ్ముతున్నారు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా తాను విమానం ఎక్కలేదు. ఎందుకండీ అంటే, "నేనెక్కితే ఇక్కడ కూర్చునేదెవరు, మీ తాతా?" అనేవారు. మా తాత పోయి చాలా కాలమైంది, పాపం, ఆయన్ని కూడా వదిలేవారు కాదు.

మా వీధిలో కళ్లజోళ్ల షాపుకీ నా టైలరింగ్ షాపుకీ మధ్య ఇరుక్కున్న గది ఆయన ఆఫీసు. ముందు గాజు తలుపు, లోపల ఒక బల్ల, ఎదురుగా రెండు కుర్చీలు, మూలన దగ్గుతూ కాగితాలు కక్కే ప్రింటరు. గోడకి రైలు మార్గాల పటం ఒకటి అంటించి, దాని మీద తనకి మాత్రమే అర్థమయ్యే గుర్తులు పెన్సిలుతో పెట్టుకున్నారు. ఆయన గదికీ నా గదికీ మధ్య ఉన్నది ఉత్త ప్లైవుడ్డు గోడ. అటు ఆయన తుమ్మితే ఇటు నా సూదిలో దారం కదిలేది. అందుకని నేను ఆయన వ్యాపారం కళ్లతో కంటే చెవులతోనే ఎక్కువ చూశాను.

మా ఊరి నుంచి దూరం వెళ్లేవాళ్లు ముందు విమానంలో పెద్ద ఊరు చేరి, అక్కడ రైలు పట్టుకుని తమ ఊళ్లకి వెళ్లాలి. ఆ విమానానికీ ఈ రైలుకీ మధ్య ఎంత సమయం వదలాలన్నదే ఆయన పని మొత్తం. మిగతాదంతా ఎవరైనా చేస్తారు. రోజూ గోడ అవతల ఇదే భాగోతం.

"విమానం పదింటికే దిగుతుంది కదండీ, పదకొండున్నర రైలుకి చేసెయ్యండి."

"రెండింటి రైలుంది. దానికి చేస్తా."

"నాలుగ్గంటలు అక్కడ కూర్చుని ఏం చెయ్యమంటారు? ఈగలు తోలుకోమంటారా?"

"తోలుకోండి. ఈగలు తోలుకున్నవాడు ఇంటికి చేరతాడు. పరిగెత్తినవాడు చేరొచ్చు, చేరకపోవచ్చు."

కొందరు విసుక్కుని లేచి పోయేవారు. కొందరు వీధి చివర ఇంకో ఆఫీసుకి వెళ్లి, పదకొండున్నర రైలుకే చేయించుకుని, అది దొరికాక తిరిగొచ్చి మరీ ఆయన్ని వెక్కిరించేవారు. వీధిలో ఆయనకి నాలుగ్గంటలాయన అని పేరు పడిపోయింది. కూరగాయల బండివాడు కూడా "నాలుగ్గంటలాయన గారూ, టమాటాలు ఇప్పుడే ఇవ్వనా, నాలుగ్గంటలాగి ఇవ్వనా?" అనేవాడు. ఆయనకి కోపం రాదు. నాకొచ్చేది.

"ఎందుకండీ ఆ చాదస్తం? లోకమంతా పరిగెడుతుంటే మీరొక్కరే గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డారు" అని ఒకసారి కడిగేశాను.

"నువ్వు జాకెట్టు కుట్టేటప్పుడు లోపల గుడ్డ వదలవా?" అన్నారు.

"వదులుతా. అంగుళం వదులుతా. మీరు ఇంకో జాకెట్టుకి సరిపడా వదుల్తున్నారు."

నవ్వారు గానీ మారలేదు. మారకపోవడానికి కారణం కూడా నాకు తెలుసు. ఆఫీసు పెట్టిన కొత్తలో ఆయనా అందరిలాగే గంటా గంటన్నర వదిలేవారు. ఒకతను ఉద్యోగం ఇంటర్వ్యూకని వచ్చి టికెట్టు చేయించుకున్నాడు. ఆ ఏడు దాటితే వయసు మీరిపోతుందట. విమానం సమయానికే దిగింది గానీ, ఇతని పెట్టె అందరి పెట్టెల తర్వాత వచ్చింది. ఇతను ప్లాట్‌ఫాం మీదికి చేరేసరికి రైలు తోక కనబడింది. వారం తర్వాత వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అరిచాడా అంటే అరవలేదు. "మీరెప్పుడైనా ఆ దారిన వెళ్లారా సార్?" అని ఒక్క మాట అడిగి, సమాధానం వినకుండానే లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు గోడ అవతల ఎంతసేపటికీ చప్పుడు లేకపోతే నేనే వెళ్లి చూశాను. ఆయన పటం ముందు నిలబడి ఉన్నారు. మర్నాటి నుంచి గంటన్నర రెండు గంటలైంది. తర్వాత మూడు. చివరికి నాలుగు దగ్గర ఆగింది. ఆగింది కాబట్టి బతికిపోయాం.

ఇక మా వదిన సంగతి చెప్పాలి. మా ఆయనకి తోడబుట్టింది ఆవిడొక్కతే. వాళ్లమ్మ పోయేనాటికి ఈయనకి నాలుగేళ్లు, ఆవిడకి పన్నెండు. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవారు. ఇంట్లో ఉన్నది ఇద్దరు పిల్లలు, నాలుగు గోడలు. ఆ నిశ్శబ్దానికి తమ్ముడు భయపడుతున్నాడని ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టిందట. ఇక ఆపలేదు. పొయ్యితో మాట్లాడేది, చీపురుతో మాట్లాడేది, గోడ మీది బల్లిని పేరు పెట్టి పిలిచేది, టీవీలో వార్తలు చదివే అమ్మాయితో "అలా కాదే పిచ్చిదానా" అని వాదించేది. కొంచెం బొంగురుగా, ఇల్లంతా నిండే గొంతు. మా పెళ్లయిన కొత్తలో ఆవిడ వచ్చి పది రోజులుంటే, వెళ్లిపోయిన మర్నాడు నా చెవులు గుయ్యిమన్నాయి. అలాగని విసుగొచ్చేది కాదు. ఆవిడ ఉంటే పని తెలిసేది కాదు. గుండీలు కుడుతూ వింటుంటే గుండీలైపోయేవి.

ఆవిడ కాపురం దూరాన ఒక చిన్న ఊళ్లో. విమానం లేని ఊరు. ప్రతి ఆదివారం పొద్దున్నే తమ్ముడికి ఫోను చేసేది. ఈయన ఫోను స్పీకర్లో పెట్టి, బల్ల మీద పడేసి, తన టికెట్ల పని తాను చేసుకునేవారు. గోడకి ఇవతల నేను కూడా వినేదాన్ని. పక్కింటివాళ్ల మేకలు, వాళ్లాయన, అదే, మా అన్నయ్యగారి మోకాళ్ల నొప్పులు, పాలవాడి రెండో పెళ్లి, అన్నీ వరసగా వచ్చేవి.

"అదేంటండీ, చేతిలోకి తీసుకుని మాట్లాడొచ్చు కదా" అంటే, "అక్క ఎక్కడికి పోతుంది? వచ్చే ఆదివారం మళ్లీ చేస్తుంది" అనేవారు.

ఆ ఏడు ఎండాకాలంలో వదిన గొంతు బాగా బొంగురుపోయింది. అరిచి అరిచి పోయిందని అందరం అన్నాం. ఆవిడ కూడా అలాగే అనుకుని మిరియాలు నమిలింది. రెండు నెలల తర్వాత మింగుడు పడటం కష్టమైంది. అప్పుడు తీసుకెళ్లి చూపిస్తే పరీక్షల మీద పరీక్షలు చేశారు. అన్నయ్యగారు ఫోను చేసి చెప్పారు. కంఠంలో మాట పుట్టే భాగం మొత్తం తీసెయ్యాలట. తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట దక్కదు.

"అసలు మాట్లాడదా బావా? కొంచెం కూడానా?" అని మా ఆయన అడగడం గోడ ఇవతల నాకు వినబడింది. అటు నుంచి ఏం చెప్పారో వినబడలేదు. నేను వెళ్లేసరికి ఆయన ప్రింటరు మూత తీసి కాగితాలు ఉన్నాయా లేవా అని చూస్తున్నారు. ఉన్నాయి. తీసి, సర్ది, మళ్లీ పెట్టారు.

రెండు రోజుల తర్వాత అన్నయ్యగారు మళ్లీ చేశారు. ఆపరేషను శుక్రవారం పొద్దున. గురువారమే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. డాక్టరు అంతవరకు గొంతుకి పని పెట్టొద్దన్నారట.

"మీ అక్క నిన్న మొన్నట్నుంచి ఎవరితోనూ మాట్లాడట్లేదోయ్" అన్నారు అన్నయ్యగారు. "నాతో కూడా సైగలే. 'ఉన్న గొంతు వాడికోసం దాచా, ఫోన్లో ఖర్చు చెయ్యను, వాణ్ణి రమ్మను, గురువారం సాయంత్రమంతా కూర్చుని మాట్లాడుకోవాలి' అంది. అంతే. మళ్లీ మూతి బిగించేసింది."

ఆ మాట విన్నప్పటి నుంచి మా ఆయనకి అన్నం సయించలేదు. ఏం చెప్పాలనుకుంటోందో అని ఒకటే ఆలోచన. పడుకునేముందు అడిగేవారు, బ్రష్షు నోట్లో పెట్టుకుని అడిగేవారు. అమ్మ గురించా? నాన్న చివర్లో ఏమైనా అన్నాడా? చిన్నప్పుడు నేనేమైనా నొప్పించానా? "నన్నడిగితే నాకేం తెలుస్తుందండీ, వెళ్లి ఆవిడనే అడగండి" అన్నాను.

వెంటనే బయల్దేరాలంటే సీట్లు లేవు. దొరికింది గురువారం పొద్దుటి విమానం. పదింటికి పెద్ద ఊళ్లో దిగుతుంది. సరే, అదృష్టమే అనుకున్నాను. ఆయన మా ఇద్దరి టికెట్లూ ప్రింటు తీసి నా చేతికిచ్చారు. రైలు టికెట్టు చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండింటి రైలు.

"మీకు మీరే కస్టమరా?" అన్నాను.

"సాయంత్రం ఆరుకల్లా చేరతాం. తొమ్మిది వరకు లోపలికి రానిస్తారని బావ చెప్పాడు. మూడు గంటలు అక్క దగ్గర కూర్చోవచ్చు."

"పదకొండున్నర రైలుకి వెళ్తే మూడింటికల్లా అక్కడుంటాం. ఆరు గంటలు కూర్చోవచ్చు."

"అది తిన్నగా పోదు. మధ్యలో జంక్షన్లో బండి మారాలి. అక్కడ ఉండేది పన్నెండు నిమిషాలు. అది తప్పితే మళ్లీ రాత్రి దాకా ఇంకో బండి లేదు. అక్క దగ్గరికి వెళ్లేటప్పుడు కూడా పందెం కాయమంటావా?"

ఆయన చెప్పింది తప్పని ఇప్పటికీ అనలేను. వేరే ఎవరి విషయంలోనైనా అదే సరైన మాట.

విమానంలో ఆయన అవస్థ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బెల్టు పెట్టుకోవడం రాక నా వైపు చూశారు. ఎగిరేటప్పుడు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అది కుర్చీ చెయ్యి కాదు, పక్కాయన చెయ్యి. ఆ పెద్దమనిషి మర్యాదస్తుడు కాబట్టి ఏమీ అనలేదు. కాస్త తేరుకున్నాక, మంచినీళ్లిచ్చే అమ్మాయిని "సమయానికి దిగుతాం కదమ్మా?" అని మూడుసార్లు అడిగారు. మూడోసారి ఆ అమ్మాయి, "సార్, కొంచెం ముందే దిగుతాం" అంది.

ముందే దిగాం. చేతి సంచులు తప్ప వేరే సామాను లేదు కాబట్టి పెట్టెల కోసం నిలబడాల్సిన పని లేదు. టాక్సీకి లైను లేదు. దారిలో ఎర్ర లైట్లు కూడా ఒకటో రెండో మాత్రమే తగిలాయి. ఆయన ముప్పై ఏళ్లుగా భయపడినవేవీ ఆ రోజు జరగలేదు. పదకొండు కాకుండానే స్టేషన్లో నిలబడ్డాం.

లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా ఒకటో ప్లాట్‌ఫాం మీద రైలు ఆగి ఉంది. బోర్డు మీద పదకొండున్నర. తలుపులు తెరిచి ఉన్నాయి. టికెట్లు మార్చే కిటికీ దగ్గర ఇద్దరంటే ఇద్దరు. మా కోసమే పెట్టినట్టుంది.

"ఏవండీ, రండి, ఎక్కేద్దాం" అని ఆయన చెయ్యి పట్టుకుని లాగాను.

ఆయన ఆ రైలు వైపు చూశారు. నిజం చెప్పాలి, ఆయనకీ ఎక్కాలనే ఉంది. ఒక అడుగు వేశారు కూడా. తర్వాత ఆగిపోయారు.

"జంక్షన్లో పన్నెండు నిమిషాలే" అన్నారు.

"పన్నెండు నిమిషాల్లో నేను చీర కట్టుకుని, జడ వేసుకుని, మీతో ఓ పోట్లాట కూడా పెట్టుకుంటాను. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కలేమా?"

"ఈ బండి ఒక్క పదిహేను నిమిషాలు ఆలస్యమైతే? అక్కడ ఇరుక్కుంటాం. అర్ధరాత్రి చేరతాం. ఆసుపత్రి తలుపులేసేస్తారు. పొద్దున్నే తీసుకెళ్లిపోతారు. అప్పుడు? అప్పుడేం చెయ్యను? వద్దు. ఈ ఒక్కసారి మాత్రం నన్ను తొందరపెట్టకు. ఆరింటికి చేరడం ఖాయం. ఖాయమైంది వదులుకోలేను."

ఆయన కళ్లల్లో నీళ్లు చూశాక నేనింకేం లాగను? చెయ్యి వదిలేశాను. వెయిటింగ్ హాల్లో ఫ్యాను కింద రెండు కుర్చీలు చూసుకుని కూర్చున్నాం. కాసేపటికి పదకొండున్నర రైలు కూత వేసి కదిలింది. అద్దాల్లోంచి దాని పెట్టెలు ఒక్కొక్కటే వెళ్లడం ఇద్దరం చూశాం. ఆ తర్వాత ఆయన కాస్త కుదుటపడి, అక్కకి ఏమేం చెప్పాలో, ఏమేం అడగాలో నాతో చెప్పడం మొదలుపెట్టారు. విమానం సంగతి చెప్తే పడీ పడీ నవ్వుతుందన్నారు. పక్కాయన చెయ్యి పట్టుకున్న ముక్క ఎలాగూ నేను చెప్తానని బెదిరించాను.

ఒంటి గంట దాటుతుండగా ఫోను మోగింది. అన్నయ్యగారు.

"ఎక్కడున్నారోయ్? దారిలో ఉన్నారా?"

"స్టేషన్లో ఉన్నాం బావా. రెండింటికి రైలు."

అన్నయ్యగారు గబగబా చెప్పారు. ఇవాళ మధ్యాహ్నం ఆపరేషను జరగాల్సిన మనిషికి జ్వరం వచ్చిందట. అది వాయిదా పడింది. థియేటరు ఖాళీ. వదిన ఎలాగూ మింగలేక పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. రేపటిదాకా ఎందుకు, ఇవాళే చేసేద్దామన్నారు డాక్టరు. తమ్ముడొచ్చేదాకా ఆగమని వదిన ఆయన్ని బతిమాలిందట. ఎప్పుడొస్తాడని ఆయన అడిగారట.

"ఆరవుతుందన్నాను" అన్నారు అన్నయ్యగారు. "మూడు, మూడున్నరైతే ఆగేవాణ్ణమ్మా, ఆరంటే ఎలా అన్నాడు డాక్టరు. నర్సులొచ్చేశారు. ఇదిగో, మీ అక్క మాట్లాడుతుందట."

మా ఆయన ఫోను స్పీకర్లో పెట్టలేదు, రెండు చేతులతోనూ పట్టుకుని చెవికి అదుముకున్నారు. నేను పక్కనే తల ఆనించి విన్నాను.

"ఏరా," అంది వదిన. అంత గొంతూ చిక్కిపోయి, గాలిలా ఉంది. "ఎక్కడరా?"

ఇప్పుడు చెప్పండి, ఆ మనిషి ఏం చెయ్యాలి? ఎలా ఉన్నావక్కా అనాలి. భయపడకు అనాలి. లేదా నోరు మూసుకుని, నువ్వు చెప్పు, వింటున్నా అనాలి. మా ఆయన లెక్క చెప్పడం మొదలుపెట్టారు.

"అక్కా, విమానం ముందే దిగిందే. పదకొండింటికే స్టేషనుకొచ్చేశాం. పదకొండున్నరకి బండి ఉంది, ఎదురుగానే ఉంది, ఎక్కుదామనే అనుకున్నా. కానీ అది జంక్షన్లో మారాలే. పన్నెండు నిమిషాలే టైము. అది తప్పితే ఈ పూటకి రాలేం. అందుకని రెండింటిదానికి... నాకేం తెలుసే వాళ్లిలా చేస్తారని? రేపు పొద్దున అన్నారు కదా. నేను కావాలని కాదే. పదింటికి దిగితే రెండింటికి రైలు, నేనెప్పుడూ అంతేగా చేసేది..."

"ఆవిణ్ణి మాట్లాడనివ్వండి," అని నేను ఆయన భుజం గిల్లాను. ఆయనకి తెలియలేదు. మాటల మధ్య ఊపిరి కూడా తీసుకోకుండా అదే చెప్తున్నారు. విమానం, స్టేషను, జంక్షను, పన్నెండు నిమిషాలు. మళ్లీ మొదటికి. నేను ఫోను లాక్కోబోయాను. ఆయన వేళ్లు ఊడిరాలేదు. అవతల వదిన అడ్డు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఒకరి మాట అంతసేపు అడ్డు రాకుండా వినడం అదే మొదటిసారేమో. ఎవరో "అమ్మా, ఇక వెళ్దామా" అనడం వినబడింది.

"సర్లేరా," అంది వదిన. "ఉండు, బావకిస్తున్నా."

అంతే. ఆవిడ గొంతుతో మేం విన్న ఆఖరి మాటలు అవే.

అన్నయ్యగారు ఫోను అందుకుని, "తీసుకెళ్తున్నారోయ్" అన్నారు. చక్రాల చప్పుడు, తలుపు చప్పుడు. మా ఆయన మళ్లీ చేశారు. మోగింది, ఎవరూ తీయలేదు. మళ్లీ చేశారు. నేను ఫోను తీసుకుని నా సంచిలో పడేశాను.

రెండింటి రైలు ఒక్క నిమిషం కూడా ఆలస్యం లేకుండా బయల్దేరింది. ఎక్కిన కాసేపటికి ఆయన ఫోను ఇమ్మన్నారు. అన్నయ్యగారికి చేస్తారేమోనని ఇచ్చాను. చెయ్యలేదు. పదకొండున్నర రైలు ఎక్కడిదాకా వెళ్లిందో చూశారు. జంక్షనుకి సమయానికే చేరింది. అక్కడ మారే బండి కూడా సమయానికే బయల్దేరింది.

"పన్నెండు నిమిషాలు సరిపోయేవే," అన్నారు.

"ఇప్పుడెందుకండీ అవన్నీ."

"మూడింటికి అక్కడుండేవాళ్లం. డాక్టరు మూడున్నర దాకా ఆగేవాడు."

నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఆయన మీదో, ఆ డాక్టరు మీదో, జ్వరం తెచ్చుకున్న ఆ ఎవరో మనిషి మీదో తెలియదు. ప్లాట్‌ఫాం మీద చెయ్యి వదిలేసిన నా మీద కూడా వచ్చింది. అరుద్దామని నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి, సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి ఇచ్చాను.

ఆపరేషను బాగా జరిగింది. అది మాత్రం చెప్పాలి, లేకపోతే కళ్లు పోతాయి. మేం వెళ్లేసరికి ఆవిడ ఇంకా మత్తులో ఉంది. అద్దంలోంచి చూడనిచ్చారు. నాలుగు రోజులు అలాగే చూశాం. అన్నయ్యగారు పాపం మంచి మనిషి, ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. కాకపోతే ఊరుకోలేక, "మీ అక్క ఆ డాక్టరు చెయ్యి పట్టుకుందోయ్, ఒక్కసారి వాణ్ణి రానీండి అని" అని రెండుసార్లు చెప్పారు. రెండోసారి మా ఆయన లేచి వరండా చివరికి వెళ్లిపోయారు.

ఐదో రోజు వదినని మామూలు గదిలోకి మార్చారు. మెడ చుట్టూ కట్టు, మధ్యలో ఊపిరి కోసం చిన్న గొట్టం. చేతిలో పిల్లలు రాసి చెరుపుకునే ప్లాస్టిక్ పలక. నన్ను చూడగానే "చిక్కిపోయావేమే, తిండి పెట్టట్లేదా వాడు?" అని రాసింది. నేను నవ్వేలోపే చెరిపి, పక్క మంచం ఆవిడ గురకేదో రాసి, అది చదివేలోపే చెరిపి, ఇంకేదో రాసింది. మాట్లాడినంత వేగంగానూ రాసేస్తోంది. మాకే చదవడం అందడం లేదు. కళ్లూ కనుబొమలూ అవే, ఆ విసురూ అదే. గదిలో మాత్రం గొట్టంలో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

మా ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"అక్కా, నాతో ఏదో మాట్లాడాలన్నావట. నాకోసం గొంతు దాచుకున్నావట. ఏంటే అది? ఇప్పుడు రాయవే. ఎంత పెద్దదైనా రాయి, చదువుతా."

వదిన ఆయన ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పలక తీసుకుని, ఈసారి తొందర లేకుండా రాసింది.

"ఏం లేదురా. ఊరికే మాట్లాడుకుందామని."

ఆయన ఆ రెండు ముక్కలూ చదివి, మళ్లీ చదివారు. వదిన పలక చెరిపేసి, "నువ్వే చెప్పు. విమానం ఎలా ఉంది?" అని రాసింది.

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. బెల్టు పెట్టుకోవడం రాలేదక్కా, ఇది పెట్టింది, అన్నారు. ఆగారు. ఎగిరేటప్పుడు కుర్చీ అనుకుని పక్కాయన చెయ్యి పట్టుకున్నా, అన్నారు. మళ్లీ ఆగారు. వదిన భుజాలు ఊగేలా నవ్వుతోంది, చప్పుడు లేకుండా. అయినా ఆయన ముందుకి పోవడం లేదు. ఆగి ఆవిడ ముఖంలోకి చూస్తున్నారు. ఎందుకాగుతున్నారో నాకు వెంటనే తట్టలేదు. చిన్నప్పట్నుంచీ ఈయన ఏం చెప్పినా, ఒక్కో ముక్కకీ ఆవిడ "ఊఁ, తర్వాత?" అనేది. ఆ "ఊఁ" కోసం ఆగుతున్నారు ఆయన. అది వస్తే గాని ఈయనకి తర్వాతి మాట రాదు.

వదినకీ తెలిసింది. పలక పక్కన పెట్టి, మంచం పట్టీ మీద వేలితో ఒకసారి టక్కుమని కొట్టింది. ఊఁ అన్నట్టు.

ఆయన ఇంకో ముక్క చెప్పారు. కిటికీలోంచి చూస్తే కిందంతా మబ్బులే అక్కా, అన్నారు. ఆవిడ మళ్లీ టక్కుమనిపించింది. ఆయన ఏదో చెప్పబోయి, నోరు తెరిచి, తల తీసుకెళ్లి ఆ దుప్పటి మీద ఆనించేశారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అలా ఏడవడం నేనెరగను. నర్సు తలుపు దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోయింది. వదిన ఒక చేత్తో ఆయన తల నిమురుతూ, రెండో చేత్తో మంచం పట్టీ మీద తడుతూనే ఉంది, తర్వాత చెప్పమని.